గూడ్సు బళ్ళు చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్ళాలి?

ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్తే. ఆగస్టులో ఎమ్మెస్ కోసం లాస్ ఏంజలస్ వచ్చాను. మాది గుంతకల్లు. చిన్నప్పటి నుంచీ నాకు రైళ్ళంటే ప్రాణం. ఇక్కడి కొండల్లో నాలుగైదు డీజిల్ ఇంజిన్లు కట్టుకుని పోయే పొడవాటి గూడ్సు బళ్ళు కళ్ళారా చూడాలని ఉంది. కారు లేదు. పట్టాల దగ్గరికి వెళ్తే వీసాకి ఏమైనా ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్ కూడా ఉంది. ఎక్కడికి వెళ్ళమంటారు?

జవాబు 1

తమ్ముడూ, గుంతకల్లు అని చదవగానే ప్రాణం లేచొచ్చింది. నాది గుత్తి. డీజిల్ షెడ్డులో ఇంజిన్లు స్టార్ట్ చేస్తుంటే ఆ చప్పుడుకే నిద్ర లేచేవాణ్ణి. మనం చూస్తూ పెరిగిన ఆ ఆల్కో ఇంజిన్ల డిజైన్ అమెరికాదే. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ కంపెనీ గీసింది, తర్వాత వారణాసిలో కట్టారు. కాబట్టి నువ్వు పరాయి ఇంజిన్లను చూడబోతున్నావని అనుకోకు.

మొదటిసారికి పది చోట్లు తిరగొద్దు. లాస్ ఏంజలస్‌కి ఉత్తరాన కొండల్లో ఉన్న టెహాచపీ ఒక్కదానికే వెళ్ళు, రోజంతా అక్కడే ఉండు. 14వ నంబర్ రోడ్డు మీద మొహావీ దాకా వెళ్ళి 58 ఎక్కాలి. టెహాచపీ ఊరు దాటాక కీన్ ఎగ్జిట్ తీసుకుంటే వుడ్‌ఫోర్డ్-టెహాచపీ రోడ్డు వస్తుంది. ఆ పాత రోడ్డు మీద కొన్ని మైళ్ళు వెళ్తే పక్కన బండి ఆపుకుని చూసే చోటు, స్మారక ఫలకం కనిపిస్తాయి. కింద లోయలో పట్టాలు ఒక గుట్ట చుట్టూ తిరిగి వచ్చి తమ మీదుగా తామే దాటుతాయి. దాన్నే టెహాచపీ లూప్ అంటారు.

అలా ఎందుకు కట్టారంటే, బేకర్స్‌ఫీల్డ్ మైదానం నుంచి రైలు దాదాపు 4,000 అడుగుల ఎత్తుకు ఎక్కాలి. గూడ్సు బండి కొండ మీదికి నిటారుగా ఎక్కలేదు కదా. అందుకని సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఇంజినీరు విలియం హుడ్ లైనును గుట్ట చుట్టూ తిప్పాడు. ఆ ఒక్క చుట్టులోనే పట్టాలు 77 అడుగులు పైకి లేస్తాయి. 1876లో పూర్తయింది. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది చైనా నుంచి వచ్చిన కూలీలు. పారలు, గునపాలు, తుపాకి మందుతో ఆ కొండను తొలిచారు. రైలు చూస్తున్నప్పుడు వాళ్ళను కూడా తలుచుకో. వాళ్ళూ మనలాగే సముద్రం దాటి వచ్చినవాళ్ళే.

రైలు పొడవు సుమారు 4,000 అడుగులు దాటితే ముందున్న ఇంజిన్లు తమ సొంత తోక మీదుగా పోతాయి. ఈ రోజుల్లో అంతకంటే పొడవైనవి చాలానే వస్తాయి. నేను మొదటిసారి చూసింది ఒకదాని మీద ఒకటి పెట్టిన కంటైనర్ల బండి. చాలాసేపు ఏమీ కనపడలేదు. ముందు ఎక్కడో కింద ఒక మూలుగు వినిపించింది. అది పెరిగి పెరిగి ఛాతీలో తగలడం మొదలైంది. ఓక్ చెట్ల మధ్య నుంచి నారింజ రంగు ఇంజిన్లు నాలుగు మెల్లగా, మనిషి పరుగెత్తే వేగంతో బయటికొచ్చాయి. పైన గాలి ఎండమావిలా వణుకుతోంది. వంపులో చక్రాలు పట్టాలకు ఒరుసుకుని కీచుమంటున్నాయి. ముందు ఇంజిన్లు గుట్ట చుట్టి పైకి వచ్చేసరికి, కింద సొరంగంలోకి ఇంకా కంటైనర్లు దూరుతూనే ఉన్నాయి. చివర్లో మళ్ళీ రెండు ఇంజిన్లు తోస్తూ వచ్చాయి. వాటిలో మనుషులు ఉండరు, ముందున్న డ్రైవరే రేడియోతో నడిపిస్తాడు. మన ఘాట్ సెక్షన్లలో వెనక నుంచి తోయడానికి బ్యాంకర్ ఇంజిన్ పెడతారే, దాని పనే ఇదీను.

నారింజ రంగువి బీఎన్‌ఎస్‌ఎఫ్‌వి, పసుపు రంగువి యూనియన్ పసిఫిక్‌వి. రెండూ రైల్వే కంపెనీలే. లైను ఇప్పుడు యూనియన్ పసిఫిక్‌ది, బీఎన్‌ఎస్‌ఎఫ్ అద్దెకు నడుపుకుంటుంది. అక్కడ చాలా భాగం సింగిల్ లైనే. అందుకని ఒక బండి పక్క లైన్లో ఆగి ఇంకోదానికి దారి ఇవ్వడం కూడా చూడొచ్చు. ఒక్కోసారి గంటలో మూడు వస్తాయి, ఒక్కోసారి రెండు గంటలు కొండ గాలి తప్ప ఏమీ రాదు. ఓపిక పట్టు.

దిగే బండిని తక్కువగా చూడకు. దిగేటప్పుడు చక్రాలను తిప్పే మోటార్లే జనరేటర్లుగా మారి బండిని పట్టి ఉంచుతాయి. ఆ డైనమిక్ బ్రేకు సన్నగా విమానంలా ఊళ పెడుతుంది. బండి బరువు తప్పుగా లెక్కవేస్తే ఏమవుతుందో 1989 మే 12న తెలిసింది. ఈ వైపు నుంచి వెళ్ళిన సదరన్ పసిఫిక్ గూడ్సు కహోన్ కనుమ దిగుతూ అదుపు తప్పి శాన్ బెర్నార్డినోలో ఇళ్ళ మీద పడింది. అందులో చనిపోయిన ఇద్దరు రైల్వే సిబ్బంది జ్ఞాపకంగా లూప్ మధ్య గుట్ట మీద తెల్ల శిలువ నిలబెట్టారు. దూరం నుంచే కనిపిస్తుంది.

ఇక నీ వీసా టెన్షన్ సంగతి. రోడ్డు మీద నిలబడి చూడటం, ఫొటోలు తీయడం తప్పు కాదు. పట్టాలు, వాటి పక్క జాగా, వంతెనలు, సొరంగాలు మాత్రం కంపెనీల సొంత ఆస్తి. మన ఊళ్ళో పట్టాల మీద నడిచి బడికి వెళ్ళిన అలవాటు ఇక్కడ పనికిరాదు. వచ్చిన ఏడాదిలో నేనే ఒకచోట ఫొటో కోసం కంకర దాకా దిగాను. రైల్వే కంపెనీ పోలీసు వచ్చి, నా కాగితాలన్నీ చూసి, పేరు రాసుకుని, హెచ్చరించి వదిలాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కేసు పడితే స్టూడెంట్ వీసాలో ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. ఐ-94 (నువ్వు దేశంలోకి వచ్చిన రికార్డు కాగితం) దగ్గర పెట్టుకో, రోడ్డు దాటి దిగకు. ప్రాణం సంగతి ఇంకా ముఖ్యం. వేగంగా వచ్చే గూడ్సు ఆగడానికి మైలు పైన పడుతుంది. అతుకుల్లేని పట్టాల మీద టకటక చప్పుడు ఉండదు, బండి దగ్గరికి వచ్చేదాకా వినపడకపోవచ్చు.

ప్రతి లెవెల్ క్రాసింగ్ దగ్గరా చిన్న నీలం బోర్డు ఉంటుంది. దాని మీద రైల్వే ఎమర్జెన్సీ నంబరు, ఆ గేటు నంబరు రాసి ఉంటాయి. ఎప్పుడైనా కారు పట్టాల మీద ఆగిపోతే వెంటనే దిగి దూరంగా వెళ్ళి ఆ నంబరుకు ఫోన్ చెయ్యి. ఇది రైళ్ళ పిచ్చి లేనివాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవాలి.

నీళ్ళు, పులిహోర, జాకెట్ తీసుకెళ్ళు. మధ్యాహ్నం గాలి బాగా కొడుతుంది. వేసవిలో గడ్డిలో పాములుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో ఆ కొండలు పచ్చగా ఉంటాయి, మిగతా రోజుల్లో పండిన వరిచేను రంగు.

జవాబు 2

నేను డెన్వర్ నుంచి. కారు లేదన్నావు కదా తమ్ముడూ, సెలవుల్లో ఇటు రా. డెన్వర్‌లో కాలిఫోర్నియా జెఫిర్ అనే ప్రయాణికుల రైలు ఎక్కి పడమటికి వెళ్ళు. ఊరు దాటగానే కొండ ఎక్కుతుంది, 1928లో తెరిచిన 6.2 మైళ్ళ మోఫట్ సొరంగం వస్తుంది, ఆ తర్వాత కొలరాడో నది పక్కనే ప్రయాణం. గూడ్సు బళ్ళు కిటికీ పక్క నుంచే పోతాయి. పగటి పూట మెలకువగా ఉండు, అంతే.

ప్రశ్న వేసిన తమ్ముడు

అందరికీ చాలా థ్యాంక్స్. అన్నా, బండి వస్తోందని ముందే ఎలా తెలుస్తుంది?

జవాబు 1

చిన్న రేడియో స్కానర్ ఉంటే సగం పని అయినట్టే. దారిలో అక్కడక్కడా పట్టాల పక్కన యంత్రాలుంటాయి. బండి దాటగానే ఇరుసులు వేడెక్కాయో లేదో చూసి, లోపం లేదని, మొత్తం ఇన్ని ఇరుసులని గొంతుతో చెబుతాయి. ఆ అంకె వింటేనే వచ్చేది ఎంత పొడవు బండో అర్థమవుతుంది. వచ్చే శనివారం నేను వెళ్తున్నాను, కారులో రెండు సీట్లు ఖాళీ. పొద్దున ఐదింటికి బయల్దేరాలి. వస్తానంటే ఇక్కడే రాయి, నా స్కానర్ నీ చేతికే ఇస్తాను.