సమారినా జనాభాను ఏ అంకెతో చెప్పాలి?

ప్రశ్న: కృష్ణాతీరం

గ్రీసు ఉత్తర భాగంలో, గ్రెవెనా ప్రాంతానికి చెందిన సమారినా అనే కొండ ఊరి గురించి తెలుగులో పరిచయ వ్యాసం రాస్తున్నాను. పిండస్ పర్వతాల్లో 2,637 మీటర్ల ఎత్తున్న స్మోలికాస్ కొండ వాలు మీద, 1,400 మీటర్లకు పైన ఈ ఊరు ఉంది. భౌగోళిక వివరాలు సులువుగానే కుదిరాయి, జనాభా దగ్గరే కలం ఆగిపోయింది. ఒకచోట వందల్లో, మరొకచోట వేలల్లో కనబడుతోంది. శీతకాలంలో అక్కడ దాదాపు ఎవరూ ఉండరని కూడా చదివాను. ఏది తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: గోదావరిగట్టు

ఆ మూడూ నిజమే కావచ్చు. సమారినా వ్లాహ్‌ల ఊరు. లాటిన్ నుంచి పుట్టిన, రుమేనియన్‌కు దగ్గరగా ఉండే భాష మాట్లాడే ఈ పశుపాలకులు తరతరాలుగా అక్టోబర్ 26న వచ్చే సెయింట్ దిమిత్రి పండుగ నాటికి మందలతో థెస్సలీ మైదానానికి, అంటే లారిస్సా, త్రికాల, ఎలసోనా వైపు దిగిపోయి, వసంతం ముదిరాక మళ్లీ పైకి వచ్చేవారు. నేడు చాలామంది పట్టణాల్లో స్థిరపడి, మందలు లేకపోయినా వేసవికి మాత్రం కార్లలో వస్తారు. ఆగస్టు 15న మేరీమాత పండుగకు ఊరు కిటకిటలాడుతుంది. పెద్ద చర్చి గర్భాలయం పైకప్పు మీద ఒక పైన్ చెట్టు మొలిచి ఎదిగింది. దాని వేళ్లు లోపలా కనబడవు, బయటా కనబడవు. ఆ చర్చి ఆవరణలోనే ఊరివాళ్లు చేతులు పట్టుకుని వలయాలుగా నిలిచి త్సియాత్సియోస్ అనే నృత్యం చేస్తారు. మీ వ్యాసంలో ఈ రాకపోకల గురించి ముందు రాసి, ఆ తరువాతే జనాభా చెప్పండి.

జవాబు: గణాంకశాస్త్ర విద్యార్థి

గోదావరిగట్టు గారి మాటకు ఒక సాంకేతిక వివరం చేర్చాలి. గ్రీసులో మూడు రకాల జనాభా లెక్కలున్నాయి: మామూలుగా నివసించేవారు, గణన సమయంలో అక్కడ ఉన్నవారు, ఆ ఊరి పౌర రిజిస్టరులో పేరున్నవారు. చివరి లెక్కే పార్లమెంటు స్థానాల పంపకానికి ఆధారం కాబట్టి లారిస్సాలో బతికేవారు కూడా సొంత ఊరి రిజిస్టరులోనే ఉండిపోవచ్చు. పాత పద్ధతిలో గణన రోజున సొంత ఊరికి వెళ్లి అక్కడే లెక్కలో చేరే అలవాటు బలంగా ఉండేది. 2011 గణన మే నెలలో, వలస పైకి సాగే కాలంలో జరిగింది. 2021 గణన అక్టోబర్ 23న, సరిగ్గా కిందికి దిగే రోజుల్లో మొదలైంది. అందువల్ల ‘అక్కడ ఉన్నవారు’ అనే లెక్కను ఒక సంవత్సరంతో మరొకదాన్ని పోల్చి ‘ఊరు తగ్గిపోయింది’ అని తేల్చడం నాకు సరైనదిగా తోచదు.

మన దేశంలో 2011 జనగణనకు మార్చి 1 ప్రామాణిక తేదీ అయినా, హిమాచల్, ఉత్తరాఖండ్, జమ్మూ కాశ్మీర్‌లలో మంచు కప్పే ప్రాంతాలకు 2010 అక్టోబర్ 1నే తీసుకున్నారు. అక్కడి సమస్య కూడా ఇటువంటిదే.

కృష్ణాతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. శాశ్వత నివాసుల సంఖ్యను గణన సంవత్సరంతో సహా ఇచ్చి, వేసవి రద్దీని విడిగా మరో వాక్యంలో రాస్తాను. 2019లో ఆస్ట్రియా, ఇటలీలతో కలిపి గ్రీసు పశువలసలను యునెస్కో అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది కనుక ఆ విషయమూ అక్కడే చేరుస్తాను.