బత్తాయి తోటలో చిన్న చుంచు: పిల్లా, వేరే జాతా?

తోటపిల్లగాడు, దేవరకొండ
అందరికీ నమస్తే. బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. మా బత్తాయి తోట నీళ్ల తొట్టిలో ఒక చుంచు (ష్రూ) పడి చచ్చిపోయింది. ఇంట్లో వడ్ల బస్తాల పక్కన తిరిగే దానికన్నా బాగా చిన్నది. పొట్ట తెల్లగా ఉంది. మా నాయన పిల్ల అంటున్నాడు, నాకేమో వేరే జాతి అనిపిస్తోంది. పళ్లు చూసి చెప్పొచ్చా, డీఎన్ఏ తియ్యాల్సిందేనా?

జువాలజీ సార్, నల్లగొండ
తమ్ముడూ, నాయన మాట కొట్టిపారెయ్యకు. ఇంటి చుంచు పిల్లలు ఒకదాని తోక మొదలు ఒకటి కరచుకుని తల్లి వెంట వరసగా పోతాయి. అందులో తప్పిపోయిన పిల్ల కావచ్చు. డీఎన్ఏకు వయసుతో పనిలేదు, పిల్లదైనా పెద్దదైనా జాతి ఒకటే చూపిస్తుంది.

అయినా ముందు భూతద్దం పట్టుకో. పై దవడలో ముందరి పెద్ద పన్నుకూ వెనక నమిలే పళ్లకూ మధ్య ఒంటి మొన పళ్లు ఉంటాయి. ఒక్కో వైపు నాలుగుంటే సన్కస్ (మన ఇంటి చుంచు ఇందులోదే), మూడుంటే క్రొసిడ్యురా. ఇవి రెండూ చుంచుల ప్రజాతులు, అంటే దగ్గరి జాతుల గుంపులు. నాలుగోది చాలా చిన్నది, పక్క పళ్ల చాటున దాక్కుంటుంది, తొందరపడకు. ఈ లెక్కతోనే చాలాకాలం ప్రజాతులను విడదీశారు. తీరా జన్యువులు చదివితే నాలుగు పళ్ల చుంచులన్నీ వంశవృక్షంలో ఒకే కొమ్మ మీద లేవు! అందుకే పన్నుతో గుర్తుపట్టొచ్చు గానీ చుట్టరికం తేల్చలేం. క్లాసులో ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఉత్సాహం ఆగదు.

ల్యాబ్ అక్క
సార్ చెప్పింది కరెక్ట్. మామూలుగా మైటోకాండ్రియాలోని (కణానికి శక్తినిచ్చే భాగం) సైటోక్రోమ్ బి జన్యువుతో మొదలుపెడతాం, సుమారు 1,140 డీఎన్ఏ అక్షరాలు. కానీ అది తల్లి నుంచే వస్తుంది. ఎప్పుడో రెండు జాతులు జతకట్టి ఉంటే ఒకదాని మైటోకాండ్రియా రెండోదాంట్లో ఉండిపోతుంది, వంశవృక్షం తప్పుగా వస్తుంది. కేంద్రకంలోని జన్యువులు కూడా చదవాలి. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో 2021లో ఒకేసారి 14 కొత్త క్రొసిడ్యురా జాతులకు పేర్లు పెట్టారు. అక్కడ కూడా పుర్రెలు, కొలతలు, జన్యువులు అన్నీ కలిపే చూశారు.

ఇంకోటి, జెన్‌బ్యాంక్‌లో (అందరి డీఎన్ఏ వివరాలు దాచే ఆన్‌లైన్ భండారం) దగ్గరి పోలిక వచ్చింది కదా అని పేరు పెట్టెయ్యకు. నీ చుంచు జాతి అందులో లేకపోతే పక్క జాతినే చూపిస్తుంది.

గ్లౌజులు వేసుకుని చెవి ముక్కో కాలేయం ముక్కో 95 శాతం ఇథనాల్‌లో వెయ్యి. ఫార్మలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. చుంచుల నుంచి లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదముంది, జాగ్రత్త.

తోటపిల్లగాడు, దేవరకొండ
థాంక్స్ అక్కా, సార్. ఎడమ వైపు నాలుగు పళ్లు కనిపించాయి, నాలుగోది నిజంగానే చాటున ఉంది. ముక్క కాలేజీ ఇథనాల్‌లో వేశాను.

జువాలజీ సార్, నల్లగొండ
అయితే సన్కస్ అనుకుందాం. ఇంటి చుంచు పిల్లనా, ఇంకో సన్కసా అన్నది డీఎన్ఏ తేలుస్తుంది. పోల్చడానికి మీ ఇంటి చుంచుది కూడా ఒక ముక్క కావాలి. తోక, వెనక పాదం కొలిచి రాసిపెట్టు. పుర్రె మాత్రం పారెయ్యకు.