కేబుల్ మోడెమ్‌కు కొత్త కంప్యూటర్ తగిలిస్తే ఇంటర్నెట్ రావడం లేదు

ప్రశ్న: మాది విజయనగరం, తోటపాలెం. టీవీకి వచ్చే కేబుల్ మీదే ఇంటర్నెట్ కూడా తీసుకున్నాము. పాత కంప్యూటర్ తీసేసి అదే లాన్ కేబుల్‌ను కొత్తదానికి పెట్టాము. మోడెమ్ లైట్లన్నీ మునుపటిలాగే వెలుగుతున్నాయి గాని వెబ్ పేజీ ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఐపీ అడ్రస్ (నెట్‌లో కంప్యూటర్‌కు ఉండే నంబరు) 169.254తో మొదలవుతోంది. మా అమ్మాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవలసి ఉంది. లాన్ కేబుల్ తగిలే లాన్ కార్డు మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మోడెమ్ మీద ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలుగుతున్నదంటే వీధిలోంచి వచ్చే సిగ్నల్ బాగానే ఉన్నట్టు. లాన్ కేబుల్ తెగిపోయి ఉంటే, కేబుల్ తగిలించలేదనే విండోస్ చెప్పేది. 169.254తో మొదలయ్యే అడ్రస్ అవతలి నుంచి వచ్చింది కాదు. కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వరును అడిగి జవాబు రాకపోతే కంప్యూటర్ తనకు తానే పెట్టుకునేది.

జవాబు రాకపోవడానికి మీ విషయంలో ఎక్కువ అవకాశమున్న కారణం ఒకటి ఉంది. ప్రతి లాన్ కార్డుకూ మ్యాక్ అడ్రస్ అనే 12 అక్షరాంకెల గుర్తింపు ఉంటుంది. చాలా కేబుల్ మోడెములు ఆన్ అయ్యాక మొదట కనబడిన మ్యాక్ అడ్రస్‌నే గుర్తుపెట్టుకొని, తరువాత మరో పరికరం తగిలిస్తే దానికి దారి ఇవ్వవు. కాబట్టి కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, మోడెమ్ అడాప్టరు పిన్ను పీకి, అయిదు నిమిషాలు ఆగండి. మోడెమ్ ఇన్వర్టరు లైను మీద ఉంటే కరెంటు పోయినా అది ఆరదు కనుక, పిన్ను చేత్తో తీయవలసిందే. తరువాత ముందు మోడెమ్ పెట్టి, ఆన్‌లైన్ లైటు నిలిచాకే కంప్యూటర్ ఆన్ చేయండి.

అప్పటికీ రాకపోతే, ఆపరేటరు తన దగ్గరే పాత మ్యాక్ అడ్రస్‌ను నమోదు చేసి ఉంచారేమో. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో ipconfig /all అని టైపు చేస్తే ఫిజికల్ అడ్రస్ అనే వరుసలో కొత్తది కనిపిస్తుంది. దాన్ని ఫోనులో చెప్పి మార్పించుకోండి. పాత కంప్యూటర్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయ్యేవారా అన్నది కూడా గుర్తు తెచ్చుకోండి. అలాగైతే కొత్తదానిలోనూ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ విడిగా తయారు చేసుకోవాలి.

ప్రశ్న: మోడెమ్ ఆపి పెట్టగానే వచ్చిందండీ, చాలా ధన్యవాదాలు. అయితే టీవీ పెట్టిన గదిలో మోడెమ్ లైటు అప్పుడప్పుడు మిణుకుమంటోంది. పైగా ఒకే కనెక్షన్‌ను పలు పరికరాలకు పంచే రౌటరు కూడా కొందామనుకుంటున్నాము.

జవాబు: టీవీలకు పంచే స్ప్లిటర్ల వెనుక, చివరి కొసన మోడెమ్ ఉందేమో చూడండి. రెండు దారుల స్ప్లిటరు ఒక్కటే దాదాపు 3.5 డెసిబెల్స్ సిగ్నల్‌ను తగ్గిస్తుంది. అలాంటివి రెండు మూడు దాటి వచ్చేసరికి మోడెమ్‌కు చాలినంత మిగలకపోవచ్చు. ఇంట్లోకి వచ్చిన కేబుల్‌కు మొదటి స్ప్లిటరు దగ్గరే మోడెమ్‌కు ఒక దారి ఇప్పించి, టీవీలను రెండో దారిలో పెట్టించండి. కనెక్టర్లు వదులుగా ఉన్నా, ఉప్పుగాలికో వాననీటికో లోపల తుప్పు పట్టినా ఇదే తంతు.

రౌటరు కొనడం మంచి ఆలోచన. మోడెమ్‌కు నేరుగా తగిలించిన కంప్యూటర్ కొన్ని కనెక్షన్లలో బయటి ప్రపంచానికి సూటిగా కనబడుతుంది. అంతవరకు బయటి చొరబాట్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్‌ను మాత్రం ఆపకండి. రౌటరుకు వేరే మ్యాక్ అడ్రస్ ఉంటుంది గనుక అది పెట్టిన రోజు కూడా మోడెమ్‌ను ఇలాగే ఆపి పెట్టాలి. లేదా రౌటరు సెట్టింగులలో మ్యాక్ క్లోన్ అనే చోట ఈ కంప్యూటర్ అడ్రస్‌నే ఇవ్వవచ్చు.