అప్‌డేట్: తమ్ముడి గురించి ఆన్‌లైన్‌లో ఏది నమ్మాలని అడిగాను కదా

నెల క్రితం అడిగాను, తమ్ముడు నిద్రపోవట్లేదు, ఎవరితోనూ మాట్లాడట్లేదు, నెట్‌లో చూస్తే తలో మాట చెబుతున్నారు, ఏది నమ్మాలి అని. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే ప్రతి పేజీలో ముందు రాసిందెవరు, ఎప్పుడు సవరించారు, చివర్లో ఏమైనా అమ్ముతున్నారా అని చూశాను. నేను రాత్రుళ్లు కూర్చుని చదివినవి సగానికి సగం అక్కడే పోయాయి. డిప్రెషన్ ఇట్టే మాయం అన్న పేజీలో రచయిత పేరే లేదు, కింద కోర్సు కొనమనే బటన్ మాత్రం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీలు సాదాగా ఉంటాయి కానీ నాకు అవే ధైర్యమిచ్చాయి.

బాగా పనికొచ్చింది పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే ప్రశ్నల పట్టిక. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. పక్కన కూర్చుని ఫోన్ తమ్ముడి చేతికే ఇచ్చాను. తొమ్మిదోది చనిపోవాలనే ఆలోచనల గురించి, అక్కడ వాడి వేలు ఆగిపోయింది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను, అది అపోహేనట, అందుకే సూటిగా అడిగేశాను. "అప్పుడప్పుడు వస్తుందక్కా" అన్నాడు.

ఆ రాత్రే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం. ఏదో పాత లిస్టులో దొరికిన మొదటి నంబర్ పనిచేయలేదు, ఆ టైమ్‌లో కాళ్లూ చేతులూ ఆడలేదు. దయచేసి నంబర్ ఆ సంస్థ సొంత సైట్‌లోనే చూసుకోండి. రెండోది కలిసింది, వాడే మాట్లాడాడు.

ఆ 9 ప్రశ్నలకీ కలిపి మొత్తం 16 వచ్చింది. ఆ మార్కులతోనే జబ్బు ఖాయం కాదు, కానీ 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే చూపించుకోవాలి కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. నిన్న రాత్రి 5 గంటలు నిద్రపోయాడు.