సమస్యాపూరణం: "పగటి యెండలో వెన్నెల పండెనయ్య"

ఋషికుల్య (నిర్వాహకురాలు), బరంపురం

ఈ వారం పాదం పైన ఇచ్చాను. అది చివరి పాదంగా వచ్చేట్టు ముందు మూడు పాదాలు రాసి, తేటగీతి ఛందస్సులోనే పూరించాలి.

మొన్న రాత్రి టీవీలో ఒక పాత జానపద సినిమా వచ్చింది. పేరు కూడా ఎవరికీ గుర్తుండనంత చిన్న సినిమా. ఏడు సముద్రాల అవతల గుహలో మణి, దానికి కాపలాగా ఒక రాక్షసుడు, తల్లికి చూపు తెప్పించడానికి బయల్దేరిన కుర్రాడు. అర్ధరాత్రి అడవి సీనులో తెరంతా నీలం. చీకట్లో దారి కనబడటం లేదని కుర్రాడు చేతులు చాచి తడుముకుంటున్నాడు. కాళ్ళ దగ్గర చూస్తే నీడ జానెడు కూడా లేదు, పాదాలకు అతుక్కుపోయి ఉంది. మిట్టమధ్యాహ్నం తీశారన్నమాట. రాళ్ళు కాలుతున్నట్టున్నాయి, ఒక్కో అడుగూ చటుక్కున ఎత్తేస్తున్నాడు. మొహంలో మాత్రం చలికి వణుకు! నాకు ఆ సీను ఎంత నచ్చిందో చెప్పలేను. ఈ పాదం అందులోంచే వచ్చింది. సినిమా మీదే రాయాలన్న నియమం లేదు.

వంశధార, గుణుపురం

నీలి గాజును కెమెరాకు నిలిపి పెట్టి
రాత్రి యని చెప్పి నడినెత్తి రవిని దాచి
కాళ్ళ క్రిందను పొట్టిగా కదల నీడ
పగటి యెండలో వెన్నెల పండెనయ్య

రాత్రిపూట అడవిలో తీయాలంటే జనరేటరు కావాలి, పెద్ద లైట్లు కావాలి, వాటిని మోసే మనుషులు కావాలి. డబ్బుల్లేనివాళ్ళు మధ్యాహ్నమే కెమెరాలోకి వెలుతురు తక్కువ వెళ్ళేట్టు చేసి, లెన్సుకు నీలి ఫిల్టరు పెట్టి తీసేవారు. ఆకాశం ఫ్రేములో పడకుండా, నీడలు కనబడకుండా చూసుకోవాలి. మీ సినిమావాళ్ళు ఆకాశాన్ని తప్పించారు, నీడను మరిచారు.

బాహుదా, ఇచ్ఛాపురం దారి

మూడో పాదంలో గణం (గురు లఘువుల కూర్పు) తప్పింది. "క్రి" ముందున్న "ళ్ళ" గురువు (రెండు మాత్రల అక్షరం) అవుతుంది. పాదం మొదట రావాల్సిన సూర్యగణం ఎక్కడుంది?

మహేంద్రగిరి, పర్లాకిమిడి

అవదండీ. "కాళ్ళ", "క్రింద" రెండూ తెలుగు మాటలే, విడివిడి పదాలు. సంస్కృత సమాసమైతే మీరు చెప్పింది నిజం. ఇక్కడ "ళ్ళ" లఘువే, ఒక్క మాత్రే. గణం నిక్షేపంలా ఉంది.

అసలు తప్పు మీరు చూడనిచోట ఉంది. "పెట్టి", "దాచి" అన్నప్పుడు ఆ పనులు చేసినవాడే చివరి క్రియకూ కర్త కావాలి. చివర పండింది వెన్నెల. గాజు పెట్టింది వెన్నెల కాదు గదా! "పెట్ట", "దాచ" అంటే సరిపోతుంది, గణమూ మారదు. ఇంకోటి, "నిలిపి" అన్నాక మళ్ళీ "పెట్టి" ఎందుకు? అది గణం నింపడానికి వచ్చిన మాట. మూడో పాదం మాత్రం చాలా బాగుంది. పొట్టిగా కదిలే నీడ అన్నారు చూశారా, పద్యం మొత్తం అక్కడ నిలబడింది.

వంశధార

"పెట్ట", "దాచ" తీసుకుంటున్నాను మాష్టారూ. "నిలిపి" మాత్రం ఉండనివ్వండి. గాజును చేత్తో పట్టుకుని నిలిపినట్టు నా కళ్ళకు కనిపిస్తోంది.

నాగావళి, రాయగడ

చిల్లు డేరాను మ్యాట్నీకి చేరినాను
బయట వైశాఖ మార్తాండు భగ్గుమనగ
తెరను రేరాజు పూచిన తీరు గంటి
పగటి యెండలో వెన్నెల పండెనయ్య

బాహుదా

ధార బాగుంది నాగావళి గారూ. మరి డేరా హాల్లో మ్యాట్నీ ఎక్కడ చూశారు? టూరింగ్ టాకీస్ అంటే ఫస్టు షో, సెకండు షో అంతే. గుడ్డ కప్పిన హాల్లోకి పగలు వెలుగు వస్తుంది, తెర మీద బొమ్మ ఆనదు. అందుకే పొద్దు గుంకేదాకా ఆగి, మైకులో పాట వేసి జనాన్ని పిలిచేవారు. పైగా "మ్యాట్నీ" అన్న మాట పద్యంలో పంటికింద రాయిలా తగులుతోంది.

నాగావళి

చిల్లు అన్నది అందుకేనండీ. ఆ చిల్లులోంచి పడ్డ ఎండ తెరమీద చంద్రుడి పక్కనే మరో చంద్రుడిలా నిలబడాలని నా ఊహ. మాట విషయానికొస్తే, వంశధార గారి "కెమెరా"కు లేని అభ్యంతరం నా "మ్యాట్నీ"కే వచ్చిందా? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మనకు ఎంత దూరం? జనం నోట ఉన్న మాటను పద్యం గుమ్మం దగ్గర ఆపకండి.

మహేంద్రగిరి

మాటకు నేనూ అడ్డు చెప్పను. ఊహ మాత్రం పద్యంలోకి రాలేదు. రెండో చంద్రుడు మీ వివరణలో ఉన్నాడు, పాదాల్లో లేడు. "చిల్లు" అన్నంత మాత్రాన చదివేవాళ్ళు అంత దూరం రారు.

బాహుదా

నా పూరణ ఇదిగో. సినిమాను వదిలేశాను.

ఉప్పు మడులందు కడలినీ రుడికి పోవ
తెలుపు తెట్టెలు గట్టెను తీర మంత
కూలి జనమెల్ల గట్టున గుప్ప వోయ
పగటి యెండలో వెన్నెల పండెనయ్య

వెన్నెల కాస్తుంది గాని పండదు. ఇచ్చిన పాదంలో అసలు చిక్కు అది. ఎండా వెన్నెలా ఒకచోట ఎలా అన్నది చిన్న చిక్కు. అందరూ దాని వెంటే పడ్డారు. ఎండలో పండేది ఉప్పు. మన గంజాం జిల్లాలో హుమ్మ, సుర్ల వైపు వేసవిలో వెళ్ళి చూడండి, గట్లమీద తెల్లటి కుప్పలు.

మహేంద్రగిరి

శభాష్! "పండె" అన్న క్రియకు న్యాయం చేసిన పూరణ ఇదొక్కటే. "నీరు", "ఉడికి" కలిసినచోట యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) కూడా చక్కగా కూర్చున్నారు. పోయినసారి "పామునకు దారమే గదా ప్రాణమయ్యె" అన్న పాదానికి యతి తప్పించి పూరించింది ఈయనేనా అనిపించింది.

బాహుదా

ఇంకా దాన్ని వదలరా మాష్టారూ? ఆ పద్యంలో సినిమావాళ్ళు తాడుతో లాగే రబ్బరు పామును ఎంత బాగా కట్టానో ఒక్కరూ చెప్పలేదు. ఒక్క అక్షరం పట్టుకుని పద్యాన్నే పక్కన పెట్టేశారు.

ఋషికుల్య

ఆ సంగతికి వద్దాం. ముందు ఉప్పు పూరణ గురించి నా మాట చెప్తాను. అందంగా ఉంది, వంక పెట్టలేం. కానీ నన్ను కదిలించింది పొట్టి నీడే. ఉప్పు నిజంగా తెల్లగానే ఉంటుంది, దాన్ని వెన్నెల అనడానికి కవి ఉంటే చాలు. ఆ సినిమాలో వెన్నెల లేదు. దర్శకుడు, కెమెరామన్, కాళ్ళు కాలుతున్న ఆ కుర్రాడు అందరూ కలిసి ఉందని నమ్మారు. నాకు ముద్దొచ్చేది ఆ నమ్మకం. వాళ్ళు నవ్వించడానికి తీయలేదు. తక్కువ ఖర్చులో జానపదాలు తీసి మెప్పించిన విఠలాచార్యగారికి పని మీద పట్టు ఉండేది. వీళ్ళకు ఆ పట్టూ లేదు, డబ్బూ లేదు. అయినా సముద్రం కావాలనుకున్నారు, తొట్టిలో ఓడను వదిలారు. నీటి బొట్లు ఓడ కిటికీలంత ఉన్నాయి! తొట్టి అల సముద్రపు అలలా బరువుగా కనబడాలంటే కెమెరాను సెకనుకు 24 ఫ్రేముల కంటే బాగా వేగంగా తిప్పి తీయాలి, అప్పుడు తెరమీద నెమ్మదిస్తుంది. అలా తిప్పితే రీలు ఎక్కువ ఖర్చు. అంచేత ఓడ గిలగిలా ఊగింది.

కొత్త సభ్యురాలు, జయపురం

నమస్కారమండీ. మీ మాటలు చదివాక రాసింది.

అట్ట కోటయు కదలిన నదర లేదు
మూతి మీసమ్ము జారిన మొక్కవోడు
నమ్ము వానికి తెరమీద నడిమి రేయి
పగటి యెండలో వెన్నెల పండెనయ్య

మహేంద్రగిరి

అమ్మా, మూడో పాదం మేమెవరం రాయలేకపోయింది. మొదటి పాదంలో అదరనిది ఎవరో చెప్పలేదు. "నదర డతడు" అనండి. కర్త వస్తాడు, యతి చెడదు, "మొక్కవోడు"తో కాలమూ కలుస్తుంది.

వంశధార

మీసం జారినా మొక్కవోడు! నా నీడ కంటే ఈ మీసమే బాగుంది. మళ్ళీ టేక్ తీసుకునే రీలు లేక అలాగే ఉంచేసి ఉంటారు.

బాహుదా

బాగుంది తల్లీ. మొదటి పూరణకే ఇంత మెప్పు రావడం మామూలు సంగతి కాదు. నాకు ఇక్కడ అంత తేలిగ్గా దొరకలేదు.

ఋషికుల్య

అయితే మీ పామును మళ్ళీ చూద్దాం. ఆనాటి పాదం ఇది: "తోక వెనుకను గనిపించు త్రాడు లాగ". "తో"కూ "త్రా"కూ యతి కుదరదు, అది ఖాయం. "తలకు ముందుగ గనిపించు త్రాడు లాగ" అంటే యతి కుదురుతుంది. అర్థం కూడా బాగుపడుతుంది. తోకకు కట్టి లాగితే పాము వెనక్కి పాకుతుంది కదండీ.

బాహుదా

యతికి ఒప్పుకుంటాను, అర్థానికి ఒప్పుకోను. నేను చూసిన సినిమాలో పాము వెనక్కే పాకింది. హీరోయిన్ ముందునుంచి జరుగుతూ జరుగుతూ పుట్టలోకి వెళ్ళిపోయింది, ఆవిడ కేక పెడుతూనే ఉంది. ఆ పామును ఉన్నదున్నట్టు కట్టాలనే "తోక" అన్నాను. "తోక" ఉంచి యతి కుదిర్చే దారి ఎవరికైనా తోస్తే చెప్పండి, వెంటనే మార్చేస్తాను.