ఇంట్లో థాయ్ భోజనం: స్టార్టర్ ఏం పెట్టమంటారు?

కూకట్‌పల్లి కోడలు
ఆదివారం రాత్రి మా ఇంటికి ఆరుగురు భోజనానికి వస్తున్నారు. గ్రీన్ కర్రీ అనే కొబ్బరిపాల కూర (చికెన్‌తో ఒకటి, వంకాయతో ఒకటి), జాస్మిన్ రైస్, వెల్లుల్లి దట్టించి తూటికూర వేపుడు, చివర్లో మామిడిపండు, స్టికీ రైస్. ఇంతవరకు ఖాయం. స్టార్టరే తేలడం లేదు. మా ఆయన్ని అడిగితే "చికెన్ 65 చెయ్యి, ఎవరు కాదంటారు" అన్నారు. ఎవరూ కాదనరు, కానీ అది తిన్నాక నా గ్రీన్ కర్రీ మొహం ఎవరు చూస్తారు? వచ్చేవాళ్లలో ఒకావిడ శాకాహారి, రొయ్యపొట్టు వాసన తగిలినా లేచిపోయే రకం. ఉన్నవి రెండు పొయ్యిలు. అందరూ హాల్లో కబుర్లాడుతుంటే మూకుడు ముందు నిలబడటం నా వల్ల కాదు.

నెల్లూరు పిల్ల
చికెన్ సాతే (పుల్లలకి గుచ్చి కాల్చే ముక్కలు) చెయ్యండి. పసుపు, కొబ్బరిపాలలో ముందురోజే నానబెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. వేరుశెనగ సాస్ నచ్చనివాళ్లుండరు. ఆవిడకి పనీర్ గుచ్చండి.

కూకట్‌పల్లి కోడలు
సాతేలో కొబ్బరిపాలు, సాస్‌లో కొబ్బరిపాలు, కూరలో అవే, స్టికీ రైస్ మీదా అవే. కూర దగ్గరికి వచ్చేసరికే మొహం మొత్తదూ?

ఉప్పుచేప
తోద్ మన్ ప్లా, అంటే థాయ్ చేప బిళ్లలు. కొర్రమీను ముల్లు తీసి, రెడ్ కర్రీ పేస్టు కలిపి, జిగురొచ్చేదాకా గిన్నెకేసి కొట్టాలి. బొబ్బర్లకాయలు సన్నగా తరిగి వేసి బిళ్లలు వేయించడమే. మూకుడు తప్పదనుకోండి.

బ్యాంకాక్ బామ్మ
అమ్మాయ్, బ్యాంకాక్‌లో మా అబ్బాయి దగ్గర చాలాకాలం ఉన్నాను కాబట్టి చెబుతున్నా. అక్కడి ఇళ్లలో ముందొకటి వెనకొకటి వడ్డించరు. అన్నం, సూపు, కూర, వేపుడు అన్నీ ఒకేసారి మధ్యలో పెట్టేసి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. నీకు కావలసింది కబుర్ల మధ్య నోట్లో వేసుకునేది, అంతే. మియాంగ్ ఖమ్ చెయ్యి. మన కిళ్ళీకి చుట్టమనుకో. ఆకు మడిచి, అందులో దోరగా వేయించిన కొబ్బరి పలుకులు, వేరుశెనగపప్పు, అల్లం, చిన్న ఉల్లిపాయ, తొక్కతో సహా కోసిన నిమ్మకాయ ముక్క, పచ్చిమిరప చెక్క, ఎండు రొయ్య, పైన కాస్త బెల్లం పాకం. మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి, కొరుక్కుతింటే ఆ రుచి రాదు. కమ్మటి కూర ముందు పులుపూ కారమూ ఉన్నదే పడాలి, నూనె సరుకు కాదు.

పొయ్యి మీద పని కొబ్బరి, పాకం రెండే, మధ్యాహ్నమే అయిపోతాయి. పాకంలో వాళ్లు రొయ్యల ముద్ద, ఫిష్ సాస్ వేస్తారు. నువ్వు తాటిబెల్లంలో చింతపండు రసం, దంచిన అల్లం, ఉప్పు, కాస్త సోయా సాస్ వేసి మరిగించు. తీగ పాకం రాకముందే దించెయ్, చల్లారితే ఇంకా చిక్కబడుతుంది.

అన్నట్టు, బజార్లో దొరికే గ్రీన్ కర్రీ పేస్టుల్లో చాలావాటిలో రొయ్య ఉంటుంది. నీ సీసా మీద చదివావా? అదుంటే ఆవిడకి వంకాయ కూర కూడా పనికిరాదు.

కూకట్‌పల్లి కోడలు
ఇప్పుడే తిప్పి చూశాను బామ్మగారూ, ఉంది! నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం (అల్లంలాంటి దుంప), కొత్తిమీర వేర్లు తెచ్చి నేనే నూరుకుంటాను. ఆకు సంగతేంటి, మన తమలపాకు సరిపోతుందా?

బ్యాంకాక్ బామ్మ
వాళ్లది చా ప్లూ ఆకు. తమలపాకు జాతిదే, ఘాటు తక్కువ. తమలపాకైతే బాగా లేతవి, చిన్నవి ఏరుకో, తొడిమ తుంచెయ్. ముదురాకు వేస్తే మిగతా రుచులేవీ తెలియవు. ఎండు రొయ్యలు వేరే గిన్నెలో, వేరే చెంచాతో, ఆవిడకి దూరంగా పెట్టు. నిమ్మ గింజలు ఒక్కటీ మిగలకుండా తీసెయ్, చేదు.

నెల్లూరు పిల్ల
పిల్లలుంటే తమలపాకు ముట్టరండీ.

బ్యాంకాక్ బామ్మ
వాళ్లకి లెట్యూస్ ఆకులు పెట్టు, మిరపకాయ తీసేసి. కడిగాక తడి పూర్తిగా తుడవాలి, లేకపోతే పాకం జారిపోయి సోఫా మీద పడుతుంది.