బిడ్డ ఒక్కతే, ఫైళ్లు ఐదు: బాధ్యత ఎవరి పేరు మీద ఉండాలి?

చర్చ మొదలుపెట్టినవారు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హన్మకొండ

నేను పదవీ విరమణ చేయడానికి ముందు సంవత్సరం మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి దసరా సెలవుల తర్వాత రావడం మానేసింది. పత్తి ఏరే కాలం కనుక కూలికి పోతున్నదనుకుని మేము సంక్రాంతి దాకా ఊరుకున్నాం. ఆ తప్పు మాదే. తీరా ఇంటికి వెళ్లి విచారిస్తే, తల్లి మూత్రపిండాల జబ్బుతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న సంగతి ఆశా కార్యకర్తకు ముందే తెలుసు. తండ్రి తాగి చేసిన గొడవకు పోలీసులు ఒకసారి వచ్చి మందలించి వెళ్లారు. పిల్లకు సంబంధం చూస్తున్నారన్న మాట అంగన్‌వాడీ టీచర్ చెవిన పడింది. గైర్హాజరు లెక్క మా రిజిస్టరులో ఉంది. ఎవరి ముక్క వాళ్లం పట్టుకుని, మిగతాది ఇంకొకరు చూస్తున్నారులే అనుకున్నాం. పది మందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు.

చట్టం లేక ఇలా జరగలేదు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితి విచారణ జరిపి ఆ బిడ్డకంటూ ఒక సంరక్షణ ప్రణాళిక వేయిస్తుంది. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లలకు కేంద్రం బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయమూ ఉంది. అయితే ఇదంతా బిడ్డ ఆ గడప తొక్కిన తర్వాతి మాట. మా అమ్మాయి ఏ గడపా తొక్కలేదు. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవలసిందని కొందరు అంటారు. 1996లో ముంబైలో మొదలై 2023 నుండి రాష్ట్ర ప్రభుత్వాల చేతికి వచ్చిన ఆ సేవ ఆపదలో నిజంగానే అక్కరకు వస్తుంది, కానీ మెల్లమెల్లగా జారిపోతున్న పిల్ల గురించి ఏ రోజున, ఏమని ఫోన్ చేస్తాం?

అందుకని నా వాదన ఇది. ఇలాంటి ప్రతి బిడ్డకూ ఒకే ఒక్క ఉద్యోగి పేరు రాసిపెట్టాలి. బడి, ఆరోగ్య శాఖ, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్, పోలీసు శాఖ అందరూ చూడగలిగే ఒకే ఫైలు తెరవాలి. నెలకొకసారి సమన్వయ సమావేశం పెట్టి టీ తాగి సంతకాలు చేయడాన్ని సమన్వయం అనుకోవడం ఇక చాలు.

జవాబు: బాలల పరిరక్షణ విభాగంలో క్షేత్ర ఉద్యోగిని

సార్, మీ ఆవేదన అర్థమైంది కానీ ఒకే ఫైలు అన్నది నేను ఒప్పుకోను. ఒక వసతి గృహానికి పంపిన ఉత్తరంలో ఒక బాలిక అక్కడికి ఎందుకు వస్తున్నదో రెండు వాక్యాలు రాసినందుకు, మూడో రోజుకల్లా ఆ సంగతి హాస్టల్ అంతా పాకి, ఆ పిల్ల గోడ దూకి వెళ్లిపోయింది. వెతికి తెచ్చింది మేమే. అందరూ చూడగలిగే ఫైలును ఊళ్లో అందరూ చూసినట్టే లెక్క. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసుల్లోనైతే బిడ్డ ఎవరో తెలిసేలా చేయడమే నేరం.

ఇక ఒక్కరి పేరు రాయడం గురించి. ఆ పేరు నాదో, నాలాంటి వారిదో అవుతుంది. సమితి ఆదేశించిన 15 రోజుల్లోగా సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి, అలాంటివి ఒకేసారి ఎన్నో చేతిలో ఉంటాయి. పేరు రాసిన మర్నాటి నుండి మిగతా నాలుగు శాఖలూ చేతులు దులుపుకుంటాయి. జిల్లాల సంగతి మీకు తెలియనిది కాదు. 2016 అక్టోబరు దాకా మనదంతా ఒకే వరంగల్ జిల్లా. 2021లో నగరమే రెండు జిల్లాల్లో పడింది. కాజీపేట జంక్షన్‌లో దొరికిన పిల్లవాడు హన్మకొండ జిల్లా లెక్కలోకి వస్తాడు, చికిత్సకు తీసుకుపోయే ఎం.జి.ఎం. ఆసుపత్రి వరంగల్ జిల్లాలో ఉంది. పోలీస్ కమిషనరేట్ మాత్రం జనగామతో కలిపి మూడు జిల్లాలకూ ఒక్కటే. ఆ ఒక్క పేరు ఏ జిల్లా ఉద్యోగిది కావాలి?

జవాబు: ఆసుపత్రి కౌన్సెలర్, వరంగల్

మీరిద్దరూ ఫైలు అంటే ఒకటే అనుకుని వాదిస్తున్నారు. బిడ్డకు ఏం జరిగిందన్నది ఒకటి, బిడ్డ కోసం మనం ఏం చేయాలన్నది వేరొకటి. ఒక పిల్లవాడు ప్రతి గురువారం మధ్యాహ్నం మా దగ్గరికి వస్తాడని, ఆ రోజు పరీక్ష పెట్టవద్దని బడికి తెలియాలి. ఎందుకు వస్తాడన్నది తెలియనక్కరలేదు. రెండోది పంచుకుని మొదటిది తాళం వేసి ఉంచవచ్చు. మేము రెండేళ్లుగా బడులకు అలాంటి చీటీలే ఇస్తున్నాం. అందులో జబ్బు పేరు ఉండదు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

మేడమ్ చెప్పిన తేడా నాకు తట్టలేదు, ఫైలు విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. పేరు విషయంలో తగ్గను. పని భారం ఎక్కువన్నది ఉద్యోగులను పెంచమని అడగడానికి కారణం అవుతుంది కానీ, ఎవరి పేరూ రాయకపోవడానికి కారణం కాదు. జిల్లా సరిహద్దు చిక్కు కూడా పేరు లేకపోవడం వల్లనే పెరుగుతున్నది. బిడ్డ ఎక్కడ చదువుతుంటే ఆ మండలం మనిషిదే బాధ్యత అంటే సరిపోతుంది.

జవాబు: బాలసదనంలో పెరిగిన యువకుడు, ఇప్పుడు డిగ్రీ విద్యార్థి

పెద్దలు మన్నించాలి. మా నాన్న ఎలా చనిపోయాడో నేను ఆరుగురు అధికారులకు ఆరుసార్లు చెప్పాను, అందరూ రాసుకున్నారు. కాబట్టి ఒకే ఫైలు వద్దన్న అక్క మాట నాకు పూర్తిగా నచ్చలేదు. వేరువేరు ఫైళ్లు ఉంటే వేరువేరుగా చెప్పవలసింది మేమే. ఒక్క పేరు ఉండాలన్న సార్ మాట నచ్చింది. అయితే నా కాగితాల మీద ఒక పేరు ఉండనే ఉండేది, ఆ మనిషిని నేను రెండుసార్లు చూశాను. జ్వరం వచ్చినా, పరీక్ష తప్పినా, 18 నిండి బయటికి వచ్చాక గది దొరకకపోయినా నేను ఫోన్ చేసింది మా వంట పెద్దమ్మకు. ఆమె పేరు ఏ ఫారంలోనూ లేదు. ఆ పేరు ఎవరిదో రాసే ముందు మమ్మల్ని అడుగుతారా?

జవాబు: బాలల పరిరక్షణ విభాగంలో క్షేత్ర ఉద్యోగిని

తమ్ముడూ, అడగలేదు. మా నివేదికలో కుటుంబ వివరాలు, చదువు, ఆరోగ్యం, ఇరుగుపొరుగు అభిప్రాయం రాస్తాం. "నీకు ఏదైనా అయితే ముందు ఎవరికి చెబుతావు?" అన్న ప్రశ్న నేను ఇంతవరకు ఏ బిడ్డనూ అడగలేదు. వంట పెద్దమ్మకు చట్టపరమైన బాధ్యత అప్పగించలేం, సార్ అడిగిన ఉద్యోగి పేరు వేరుగా ఉండవలసిందే. కానీ ఆ ప్రశ్న అడిగితే, ఆ ఉద్యోగి ముందుగా ఎవరికి ఫోన్ చేసి బిడ్డ బాగోగులు కనుక్కోవాలో నివేదికలో రాసి ఉంటుంది. సోమవారం నర్సంపేట వైపు రెండు ఇళ్లకు వెళ్లాలి. ఆ ప్రశ్న నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. అందరూ చూసే ఫైలు విషయంలో మాత్రం నా మాట మారలేదు.